మెరిపించిన అల్లాయ్ చక్రానికి యాసిడ్ పోయొద్దు

సంపాదకులకు నమస్కారం.

దసరా దగ్గరపడుతోంది. ఆయుధపూజకు ముందు వారం పదిరోజులు వాటర్ వాష్ షెడ్ల ముందు కార్లు బారులు తీరతాయి. ఏడాది పొడవునా పట్టించుకోని చక్రాలను కూడా అప్పుడు తెల్లగా తోమిస్తారు. వేలు పోసి రంగు వేయించుకున్న, పాలిష్ పట్టించుకున్న అల్లాయ్ చక్రాలు ఆ తోమించడంలోనే పాడవుతున్నాయి. పండగ అయిన నెలకో రెండు నెలలకో వాటి మీద పాలు చిలికినట్టు తెల్లమచ్చలు తేలతాయి. నట్ల గుంటల చుట్టూ పూత పొక్కుతుంది. అంచు వెంబడి పూత కింద సన్నటి పురుగు పాకినట్టు తెల్లటి గీతలు కనిపిస్తాయి. పూత సరిగా వేయలేదని యజమాని అనుకోవడం సహజం. కొన్నిసార్లు తప్పు నిజంగా అక్కడే ఉంటుంది, ఆ పూత పని చేసేవాళ్లమే అయినా దాన్నీ దాచకుండా రాస్తున్నాం. కానీ చాలా చక్రాల విషయంలో పూతను చంపింది కడిగిన మందే. పండగ రద్దీ మొదలవకముందే ఈ లేఖ అచ్చువేస్తే కార్లున్నవాళ్లకూ, షెడ్లలో పనిచేసే కుర్రాళ్లకూ మేలు జరుగుతుంది.

అల్లాయ్ అంటే మనకు తెలియని లోహమేమీ కాదు. వంటింట్లో కొందరు సిల్వర్ గిన్నె అని, కొందరు సత్తు గిన్నె అని పిలిచే అల్యూమినియమే. పోతపోసిన చక్రాలకు ఎక్కువగా వాడే ఏ356 అనే మిశ్రమంలో సుమారు 7 శాతం సిలికాన్, అర శాతం లోపు మెగ్నీషియం కలుపుతారు, మిగిలింది దాదాపు అంతా అల్యూమినియమే. గాలి తగలగానే ఈ లోహం మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర కడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే. అల్యూమినియం ఇనుములా తుప్పు పట్టకపోవడం ఆ పొర చలవే. ఆమ్లమో క్షారమో చెప్పే కొలత అయిన పీహెచ్ (7 అంటే న్యూట్రల్, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) సుమారు 4 నుంచి 8.5 మధ్య ఉన్నంతవరకు ఆ పొర నిలబడుతుంది. ఆమ్లం అంతకు మించినా, క్షారం అంతకు మించినా కరిగిపోతుంది.

వంట చేసేవాళ్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కుక్కర్లో బోరు నీళ్లు మరిగితే అడుగు నల్లబడుతుందని అందులో నిమ్మచెక్క వేస్తారు. చాకలిసోడాతో తోమిన సత్తు గిన్నె మసకేస్తుంది. చింతపండు పులుసు అందులోనే రోజులకొద్దీ నిలవ ఉంచితే గిన్నె తినేసి గుంటలు పడుతుంది. గిన్నెకు జరిగేదే చక్రానికీ జరుగుతుంది. చక్రం మీద ఆపైన రంగు, దాని మీద క్లియర్ కోటు అనే పారదర్శకమైన పూత ఉంటాయి కాబట్టి నష్టం వెంటనే బయటపడదు, అంతే తేడా.

షెడ్లలో చక్రాలకు కొట్టే ఘాటు మందులు మూడు రకాలు. బాత్రూం గచ్చుకు వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నీళ్లు కలిపినది ఒకటి. పేరు లేని డబ్బాల్లో వచ్చే, ఫ్లోరైడ్ ఉన్న ‘అల్లాయ్ క్లీనర్’ రెండోది. కాస్టిక్ సోడా కలిసిన డిగ్రీజర్, అంటే జిడ్డు వదిలించే మందు, మూడోది. యాసిడ్ పడగానే బ్రేకు దుమ్ము రెండు నిమిషాల్లో కరిగి చక్రం తెల్లగా తేలుతుంది. కడిగించుకున్నవాళ్లకు అది నచ్చుతుంది, కడిగేవాళ్లకు పని తగ్గుతుంది. అందుకే ఆ అలవాటు పోవడం లేదు. కానీ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లోని క్లోరైడ్, రాయి తగిలి పూత లేచిన సూదిమొనంత చోట దూరి, ఎన్ని నీళ్లు కొట్టినా పూర్తిగా బయటికి రాదు. గాలిలో తేమ దొరికినప్పుడల్లా పూత కింద లోహాన్ని తింటూ పోతుంది. ఇందాక చెప్పిన పురుగు పాకినట్టుండే గీతలు అవే. ఫ్లోరైడ్ మందు అల్యూమినియాన్ని కొరుకుతుంది, పూత లేని పాలిష్ చక్రం మీద పడితే మెరుపు పోయి పాలరంగు తిరుగుతుంది. కాస్టిక్ తగిలితే బుడగలు పొంగుతూ అల్యూమినియం కరిగిపోయి, కరగని సిలికాన్ బూడిదరంగు మసిలా పైన మిగులుతుంది. ఆ మసి గుడ్డతో తుడిస్తే పోదు, మళ్లీ వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) పట్టి మొదటినుంచి పాలిష్ చేయాల్సిందే. నట్లు, బ్రేకు డిస్కు తుప్పు పట్టడం దీనికి అదనం.

ఇక్కడ చక్రం కన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉంది. ఫ్లోరైడ్ మందుల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గానీ, నీళ్లలో కలిపితే దాన్ని పుట్టించే అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటుంది. పలుచగా ఉన్నప్పుడు చేతి మీద పడినా కాలిన సంగతి వెంటనే తెలియదు. నొప్పి గంటల తర్వాత మొదలవుతుంది. అప్పటికే అది చర్మం దాటి లోపలికి దిగి శరీరంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటూ ఉంటుంది. కొంచెం ఎక్కువ చోట పడితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. షెడ్లలో కుర్రాళ్లు ఒట్టి చేతులతో, చెప్పుల కాళ్లతో ఈ మందు కొడుతున్నారు. మీద పడితే ఆ చోటును ఆపకుండా నీళ్లతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ‘ఫ్లోరైడ్ యాసిడ్ పడింది’ అని డాక్టరుకు చెప్పాలి. దీనికి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాస్తారు. మామూలు యాసిడ్ కాలిన గాయం అనుకుంటే వైద్యం తప్పుతుంది. షెడ్ల యజమానులకు మా విన్నపం ఒక్కటే, ఆ డబ్బాలు అసలు కొనకండి. బ్రేకు దుమ్ము వదిలించడానికి అంత ఘాటు అక్కర్లేదు, ఎలా వదలగొట్టాలో కింద వివరంగా రాస్తున్నాం.

కడగడానికి ముందే చక్రం మీద ఉన్న పూత ఏమిటో తెలుసుకోవాలి. మళ్లీ పూత వేయడాన్ని ఇంగ్లిష్‌లో రిఫినిషింగ్ అని ఒకే మాటతో చెప్పుకున్నా చేసే పనులు వేరు. రంగు కొట్టి పైన టూకే క్లియర్ (గట్టిపరిచే హార్డెనర్ కలిపి వేసే క్లియర్) వేసినది ఒక రకం. పౌడర్ కోటింగ్, అంటే పొడి రూపంలోని రంగు, వేసి ఓవెన్లో కాల్చినది ఇంకో రకం. చక్రం బయటికి కనిపించే ముఖాన్ని లేత్ మీద కోసి క్లియర్ వేసిన డైమండ్ కట్‌ను పోల్చుకోవడం తేలిక: వెలుగుకు అడ్డంగా తిప్పితే గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు సన్నటి గీతలు చుట్టూ కనిపిస్తాయి, గుంటల్లో మాత్రం నలుపో బూడిదరంగో ఉంటుంది. ఏ పూతా లేకుండా ఒట్టి లోహాన్నే అద్దంలా బఫింగ్ (తిరిగే బట్ట చక్రంతో రుద్దడం) పట్టినది నాలుగోది. క్రోమ్ పూసినవి, ఆనోడైజ్ చేసినవి మన దగ్గర తక్కువ. వాటికి షాంపూ నీళ్లు తప్ప ఇంకేదీ తగలనీయొద్దు.

పూత ఉందో లేదో తెలియకపోతే ఒక పరీక్ష ఉంది. స్పోక్ వెనక, ఎవరికీ కనిపించని చోట కొంచెం మెటల్ పాలిష్‌ను తెల్లటి గుడ్డకు అద్ది రుద్దండి. గుడ్డ నల్లబడితే అది ఒట్టి అల్యూమినియం. తెల్లగానే ఉంటే పైన క్లియర్ ఉన్నట్టు. గుడ్డకు చక్రం రంగు అంటితే పైన క్లియర్ లేకుండా రంగు మాత్రమే ఉన్నట్టు. ముఖం, వెనక వేర్వేరు పూతలతో ఉన్న చక్రాలూ ఉంటాయి కాబట్టి ముఖం మీద కూడా నట్టు గుంట లోపలి అంచున ఒకసారి చూసుకోవడం మంచిది. ఈ పరీక్షకు ఒక్క నిమిషం పడుతుంది. దీన్ని చేయకుండా క్లియర్ మీద మెటల్ పాలిష్ రుద్దితే పూత గీతలుపడి మసకబారుతుంది, ఒట్టి లోహం మీద రంగు కోసం చేసిన మందు కొడితే మచ్చ పడుతుంది.

కొత్తగా పూత వేయించిన చక్రానికి మొదటి నెల వేరే లెక్క. పౌడర్ కోటింగ్‌ను 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. చల్లారేసరికే అది గట్టిపడిపోతుంది, దాని మీద వ్యాక్సు గానీ సీలెంటు గానీ వెంటనే రాయొచ్చు. టూకే క్లియర్ అలా కాదు. చేతికి అంటకుండా ఆరడానికి కొన్ని గంటలు చాలు, లోపలిదాకా గట్టిపడడానికి మామూలు వేడిలో 30 రోజుల దాకా పడుతుంది. ఆ నెల రోజులూ పూత లోపలి ద్రావకం కొద్దికొద్దిగా బయటికి పోతూ ఉంటుంది. తొందరపడి వ్యాక్సో సిరామిక్కో రాస్తే దాని దారి మూసుకుపోయి పూత మెత్తగానే ఉండిపోతుంది, లేదా మబ్బు పట్టినట్టు అవుతుంది. మొదటి వారం ఒట్టి నీళ్లతో మాత్రమే కడగండి. నెలదాకా ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టొద్దు, తారు పోవడానికి పెట్రోలు గుడ్డ అసలు పెట్టొద్దు.

ఇక కడిగే పద్ధతి. చక్రం పూర్తిగా చల్లారాలి. తిరుమల ఘాట్ దిగి వచ్చి అలిపిరిలో ఆగిన కారు డిస్కు చెయ్యి పెట్టలేనంత కాలుతూ ఉంటుంది. దాని మీద నీళ్లు కొడితే నీళ్లు అక్కడికక్కడే ఆవిరై అందులోని ఉప్పు, సున్నం మరకలుగా మిగులుతాయి. డిస్కుకూ అది మంచిది కాదు. అరచెయ్యి స్పోక్ మీద హాయిగా ఆనించగలిగేదాకా ఆగండి. నీడలో పెట్టండి. నాలుగు చక్రాలకూ ఒకేసారి మందు కొట్టొద్దు. మన ఎండల్లో నాలుగోది చేరేసరికి మొదటిదాని మీద ఎండిపోతుంది. ఒక్కో చక్రం మొదలుపెట్టి ముగించండి.

ముందు టైరును వేరే బ్రష్షుతో తోమాలి, లేకపోతే టైరు మట్టి కడిగిన చక్రం మీదికి కారుతుంది. తర్వాత ప్రెషర్ గన్ ఒక అడుగు దూరంలో పెట్టి మట్టి వదిలేదాకా నీళ్లు కొట్టండి. సూటిగా కోసే సన్నటి ధార వద్దు, విసనకర్రలా విచ్చుకునే ధార చాలు. పూత లేచిన అంచు కనిపిస్తే గన్‌ను ఆ పక్కకు తిప్పొద్దు, నీళ్లు పూత కిందికి దూరి పెచ్చు పెద్దదవుతుంది. చక్రాల కోసం రెండు బకెట్లు విడిగా ఉంచుకోండి, వాటిని కారు బాడీకి వాడొద్దు. ఒకదాంట్లో 10 లీటర్ల నీళ్లకు 20 నుంచి 30 మిల్లీలీటర్ల పీహెచ్ న్యూట్రల్ కారు షాంపూ. సీసా మీద వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి. రెండోదాంట్లో ఒట్టి నీళ్లు, బ్రష్షు జాడించడానికి. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి వద్దు. వాటిలో క్షారం ఉంటుంది, పూత మీద పట్టించిన వ్యాక్సును కూడా ఊడ్చేస్తాయి. స్టీలు పీచు, ఆకుపచ్చ స్క్రబ్బర్, గ్యారేజీ వేస్ట్ కాటన్ ఈ మూడూ దగ్గరికి రానీయొద్దు. వేస్ట్ కాటన్ మెత్తగా కనిపిస్తుంది గానీ అందులో చిక్కుకున్న ఇనుప రజను గీతలు పెడుతుంది. మెత్తటి పొడవాటి బ్రష్షు లోపలి డ్రమ్ముకు (స్పోకుల వెనక ఉండే గొట్టం లాంటి భాగానికి, బ్రేకు డ్రమ్ముకు కాదు), మైక్రోఫైబర్ చేతితొడుగు ముఖానికి, చిన్న గుండ్రటి బ్రష్షు నట్ల గుంటలకు సరిపోతాయి. లోపలి భాగంతో మొదలుపెట్టి ముఖంతో ముగించాలి.

షాంపూకు పోని గోధుమరంగు చుక్కలు మిగులుతాయి. అవి మట్టి కాదు. బ్రేకు వేసినప్పుడు పోత ఇనుప డిస్కు నుంచి, ప్యాడ్ నుంచి ఎర్రగా కాలిన రజను లేచి క్లియర్‌లో గుచ్చుకుంటుంది. తర్వాత తడి తగిలి అక్కడే తుప్పు పడుతుంది. దీనికి థయోగ్లైకొలేట్ ఉన్న ఐరన్ రిమూవర్ వాడాలి. దీని పీహెచ్ దాదాపు న్యూట్రలే, పనిచేసేది ఆమ్లం బలంతో కాదు, ఇనుముతో మాత్రమే కలిసి దాన్ని నీళ్లలో కరిగే రూపానికి మార్చడం వల్ల. కొట్టగానే చుక్కలు ఊదారంగుకు తిరుగుతాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, అందుకని గాలి తగిలే చోట చేయండి, చేతికి తొడుగు వేసుకోండి. 3 నుంచి 5 నిమిషాలు ఉంచి, ఎండిపోకముందే బ్రష్షుతో కదిపి కడిగేయండి. ఊదారంగు ఇంకా వస్తుంటే రెండోసారి కొట్టండి గానీ పది నిమిషాలు నానబెట్టొద్దు. ఒట్టి లోహం చక్రం మీద వాడేముందు వెనకవైపు చిన్నచోట పరీక్షించాలి. అసలు ప్రతివారం షాంపూతో కడిగే చక్రానికి ఈ మందు మూడు నెలలకు ఒకసారి వాడినా ఎక్కువే.

తారుకు టార్ రిమూవర్ గుడ్డకు అద్ది ఒక నిమిషం ఆనించి తుడిస్తే చాలు. కిరసనాయిలు కూడా వదలగొడుతుంది, కాకపోతే జిడ్డు మిగులుతుంది కాబట్టి వెంటనే షాంపూతో కడగాలి. సిమెంటు విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. కాంక్రీటు లారీ వెనక పోయినప్పుడు చిందే తడి సిమెంటు పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఒట్టి అల్యూమినియాన్ని గంటల్లో కొరుకుతుంది. అదే రోజు నీళ్లతో కడిగేయండి, ఎండిన పెచ్చును గోటితో గీకొద్దు.

బోరు నీళ్లతో కడిగి అలా వదిలేస్తే తెల్ల మరకలు వస్తాయి. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తడి ఆరకముందే తుడవండి, నట్ల గుంటల్లో నిలిచిన నీళ్లను బ్లోయర్ గాలితో ఊదేయండి. పాత మరకలు ఉంటే తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి గుడ్డకు అద్ది, క్లియర్ ఉన్న చోట ఒక నిమిషం ఆనించి బాగా కడగండి. పూత లేని లోహం మీద ఈ పని చేయొద్దు. అంతా అయ్యాక కారును ఒక అరకిలోమీటరు నడిపి రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు వేయండి. తడి డిస్కుతో కారు నిలిపేస్తే మర్నాటికి డిస్కు మీద తుప్పు కడుతుంది, అది ఎర్రనీళ్లుగా చక్రం మీదికి చిందుతుంది.

విశాఖ బీచ్ రోడ్డు, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల తిరిగే కార్లకు ఇంకో జాగ్రత్త కావాలి. సముద్రపు గాలిలోని ఉప్పు కంటికి కనిపించదు. చక్రం శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది, అయినా వారానికి ఒకసారి మంచినీళ్లు కొట్టాలి. ముఖం కన్నా లోపలి డ్రమ్ము ముఖ్యం, ఉప్పు అక్కడే పేరుకుంటుంది, అక్కడ చూసేవాళ్లు ఉండరు.

పూజ సంగతి కూడా రాయాలి. టైరు కింద నిమ్మకాయ తొక్కించడం, చక్రానికి పసుపు కుంకుమ పెట్టడం, కొబ్బరినీళ్లు చల్లడం మన ఆచారం. వాటిని మానమని మేం చెప్పం. పసుపు బొట్టు టైరు రబ్బరు మీదో, బంపరు మీదో పెడితే చక్రానికి ఏ హానీ లేదు. చక్రానికే పెట్టాలనుకుంటే క్లియర్ ఉన్నదాని మీద ఒకటి రెండు రోజులు ఉన్నా నష్టం రాదు, షాంపూకు పోని పసుపు మరక ఎండకు తగ్గిపోతుంది. అద్దంలా పాలిష్ చేసిన ఒట్టి లోహానికైతే నిమ్మరసం, కొబ్బరినీళ్లు సాయంత్రానికల్లా కడిగేయాలి. రాత్రంతా ఉంటే చుక్కలు చుక్కలుగా మచ్చ తేలుతుంది.

పాలిష్ గురించి. క్లియర్ ఉన్న చక్రానికి మెటల్ పాలిష్ వద్దు, కారు పెయింటుకు వాడే సన్నటి పాలిష్ మాత్రమే, అదీ ఏడాదికి ఒకసారికి మించకుండా. క్లియర్ మందం మామూలుగా 40 నుంచి 60 మైక్రాన్లు ఉంటుంది, స్పోక్ అంచుల దగ్గర ఇంకా పలుచన. మిషన్ పెడితే ముందు తెగేది ఆ అంచే. పూత కింద తెల్ల గీతలు మొదలైపోతే పైనుంచి ఏ పాలిష్‌కీ పోవు. అక్కడ పూత తీసేసి, లోహం శుభ్రం చేసి, మళ్లీ ప్రైమర్ నుంచి రావాలి. డైమండ్ కట్ అయితే మళ్లీ లేత్ ఎక్కించాలి. కోసిన ప్రతిసారీ లోహం కొంత పోతుంది కాబట్టి రెండు మూడుసార్లకు మించి కోయించడం మంచిది కాదు.

ఒట్టి లోహం పాలిష్‌కు ఓపికే పెట్టుబడి. పైపైన మసకేసిన చక్రానికి శనగగింజంత అల్యూమినియం పాలిష్ తీసుకుని జానెడు చోటులో మాత్రమే రుద్దాలి. నల్లటి జిడ్డు వస్తుంది, అది అరిగిన ఆక్సైడ్, లోహమే. అది ఎండకముందే ఇంకో శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మూలల్లో మిగిలిన జిడ్డు మీద కొంచెం మొక్కజొన్న పిండి చల్లి తుడిస్తే పిండి దాన్ని పీల్చేస్తుంది. ఇత్తడి సామాన్లకు వాడే పాలిష్ చాలామంది వాడతారు. అమ్మోనియా ఉన్న రకాలు అల్యూమినియానికి తగవు, అట్ట మీద అల్యూమినియం అని రాసి ఉన్నదే తీసుకోండి.

గీతలు, గుంటలు పడిన చక్రానికి వాటర్ పేపర్ తప్పదు. 320 నంబరు కాగితంతో మొదలుపెట్టి 400, 600, 800, 1000, 1500, 2000 వరకు నీళ్లతో పోవాలి, నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు. ఒక నంబరు నిలువుగా పడితే తర్వాతది అడ్డంగా పట్టాలి. అప్పుడే పాత గీత పోయిందో లేదో కనిపిస్తుంది. నంబరు మారినప్పుడల్లా చక్రాన్నీ చేతులనూ కడిగి, నీళ్లు మార్చండి. 320 కాగితం రేణువు ఒక్కటి 1500 దగ్గర ఉండిపోతే చేసిన పనంతా వృథా. తొందరలో 400 నుంచి 1000కి దూకితే బఫింగ్ తర్వాత ఎండలో పెట్టినప్పుడు ఆ గీతలన్నీ మెరుపు కింద కనిపిస్తాయి. బఫింగ్‌కు కుట్టిన బట్ట చక్రం, గోధుమరంగు సబ్బు (బట్టకు పట్టించే పాలిష్ ముద్ద) ముందు. కుట్టని వదులు బట్ట చక్రం, తెల్ల సబ్బు తర్వాత. ఒక్కో సబ్బుకు ఒక్కో బట్ట చక్రం ఉండాలి, కలపకూడదు. 150 మిల్లీమీటర్ల బఫ్‌కు నిమిషానికి 2,000 నుంచి 3,000 చుట్లు చాలు. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే 4 అంగుళాల గ్రైండర్‌కు బఫ్ తగిలించి పట్టడం చాలాచోట్ల చూస్తున్నాం. లోహం వేడెక్కి పైపొర మెత్తబడి నల్లటి చారలు లాగుతుంది, బట్ట అంచు స్పోక్‌లో చిక్కి చక్రం ఎగిరి మనిషి మీద పడుతుంది. ఇంకో మాట. ఇనుము గ్రైండింగ్ చేసే చోట అల్యూమినియం బఫింగ్ చేయొద్దు. సన్నటి అల్యూమినియం పొడికి నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. ఇనుప తుప్పుతో కలిసి ఉంటే ఆ మంట నీళ్లకు ఆరదు, ఇంకా రేగుతుంది.

మెరుపు వచ్చాక దాన్ని కాపాడడం. అద్దంలా ఉన్న లోహం మీద క్లియర్ వేయమని అడుగుతుంటారు. అంత నున్నటి చోట పూతకు పట్టు దొరకదు, మొదటి రాయి దెబ్బకే అంచు లేచి పురుగు గీతలు మొదలవుతాయి. దానికి వ్యాక్సు గానీ సీలెంటు గానీ రాసుకుంటూ పోవడమే దారి. కార్నబా వ్యాక్సు 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బ్రేకు వేడికి చక్రం మీద ఎక్కువకాలం నిలవదు, నెలకోసారి రాయాలి. సింథటిక్ సీలెంటు రెండు మూడు నెలలు ఉంటుంది. క్లియర్ గానీ పౌడర్ గానీ ఉన్న చక్రానికి సిరామిక్ కోటింగ్ పెట్టుబడికి తగ్గ పని. చక్రం విప్పి ఉన్నప్పుడు లోపలి డ్రమ్ముకు కూడా రాయించండి. ముందు ఐరన్ రిమూవర్, షాంపూ, తర్వాత నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడవాలి. అప్లికేటర్ మీద కొన్ని చుక్కలు వేసి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పలుచగా పట్టించాలి. ఒకటి నుంచి మూడు నిమిషాల్లో ఇంద్రధనుస్సులా మెరుస్తుంది, అప్పుడు తుడిచేయాలి. మే నెల మధ్యాహ్నం అయితే అర నిమిషంలోనే బిగుసుకుని చారలు మిగిలిపోతాయి, ఆ రోజుల్లో పొద్దున్నే నీడలో చేయించండి. ఒక రోజు తడి తగలకూడదు, వారం షాంపూ పెట్టకూడదు. కోటింగ్ వేయించాక కడగనక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. మురికి తేలిగ్గా వదులుతుంది, అంతే. రాయి దెబ్బను అది ఆపదు.

టైరు పాలిష్ స్ప్రే చేస్తే చక్రం మీద పడి దుమ్ము అంటుకుంటుంది, స్పాంజితో రబ్బరుకు మాత్రమే రాసి అరగంట ఆగి కారు తీయండి. కొన్ని షెడ్లలో కడిగాక కారు అడుగున డీజిల్ గానీ పాత ఆయిల్ గానీ కొడతారు. డిస్కు మీద, ప్యాడ్ మీద పడితే బ్రేకు పట్టదు. వద్దని ముందే చెప్పండి.

ఇక పూత వేసేవాళ్లు, టైర్లు బిగించేవాళ్లు చేసే తప్పులు. వీల్ బ్యాలెన్సింగ్‌లో చక్రం అంచుకు సుత్తితో కొట్టి తగిలించే క్లిప్పు బరువులు పూతను కోస్తాయి, తెల్ల గీతలు చాలావరకు అక్కడే పుడతాయి. లోపలివైపు అతికించే స్టిక్కర్ బరువులే పెట్టమని అడగండి. అతికించే చోటును ఆల్కహాల్‌తో తుడవకపోతే వానాకాలంలో ఊడిపోతాయి. చక్రం కారుకు బిగిసే హబ్బుకు ఆనే ముఖం మీద, నట్లు కూర్చునే గుంటల్లో పౌడర్ గానీ రంగు గానీ ఉండకూడదు. అక్కడ మందంగా పూత ఉంటే నట్టు బిగించినప్పుడు లోహానికి కాక పూతకు బిగుస్తుంది, నాలుగు రోజులకు ఆ పూత నలిగి నట్టు వదులవుతుంది. ఇది మెరుపు సంగతి కాదు, ప్రాణం సంగతి. నట్లను కారు పుస్తకంలో రాసిన టార్క్‌కు, అంటే అంత బిగువుకు, టార్క్ రెంచితోనే బిగించాలి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడాలి. గాలి గన్‌తో కొట్టి వదిలేయడం చాలదు.

పగుళ్లు పరీక్షించకుండా లప్పం పెట్టి రంగు వేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పాత పూత తీశాక డై పరీక్ష చేయాలి. ఎర్ర రంగు రాసి పది నిమిషాలు ఆగి తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఎర్ర గీతగా బయటపడుతుంది. స్పోక్ మొదట్లోనో, హబ్బు దగ్గరో పగులు ఉంటే ఆ చక్రాన్ని తుక్కులో వేయాలి, వెల్డింగ్ చేసి మెరిపించి ఇవ్వకూడదు. పాత రంగు పోవడానికి చక్రాన్ని మంటలో కాల్చడం కూడా అంతే ప్రమాదం. ఈ మిశ్రమానికి ఫ్యాక్టరీలో చివరి బలం ఇచ్చేది 150 డిగ్రీల చుట్టుపక్కల కొన్ని గంటలు ఉంచే వేడి. 200 దాటి చాలాసేపు ఉంచితే ఆ బలం దిగిపోతుంది, పైకి ఏమీ కనిపించదు.

అందుకే చక్రాలు తిరిగి తీసుకునేటప్పుడు బిల్లు మీద నాలుగు సంగతులు రాయించుకోండి: వేసిన పూత ఏ రకం, ఏ తారీఖున వేశారు, ఎన్ని డిగ్రీల దగ్గర ఎంతసేపు కాల్చారు, పగుళ్ల పరీక్ష చేశారా లేదా. ఆ బిల్లును ఫోనులో ఫొటో తీసి పెట్టుకుని, కడిగించేముందు షెడ్డు కుర్రాడికి చూపించండి.

ఇట్లు,
అల్లాయ్ చక్రాల పూత, పాలిష్ పనివాళ్లం కొందరం,
ఆటోనగర్, విజయవాడ.